సంచి అల్లిన చేతికి పేరుంది

(మెల్‌బోర్న్‌లో జరిగిన ఒక తెలుగు సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం. చివర సభికులు అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం.

మనం కూర్చున్న ఈ నేల కులిన్ ప్రజలది. వాళ్ళలో, మెల్‌బోర్న్ అనే ఊరు పుట్టకముందు నుంచీ యారా నది ఒడ్డున ఉంటున్న వురుంజెరి వాళ్ళది. ఈ దేశంలో చాలా సభలు ఈ మాటతోనే మొదలవుతాయి. ఈరోజు నేను మాట్లాడేది ఈ దేశపు మొదటి మనుషుల చేతిపని గురించి కాబట్టి, ఆ మాట మనసారా అంటున్నాను.

నేను మగ్గాల మధ్య పెరిగిన మనిషిని. బట్ట కనబడితే అంచు తిప్పి చూడటం, దారం కనబడితే పురి ఎటు తిరిగిందో చూడటం నాకు అలవాటు. అందుకే ఇక్కడికి వచ్చాక మ్యూజియాల్లో ఆ మొదటి మనుషులైన అబోరిజినల్ ప్రజల సంచుల ముందు ఎక్కువసేపు నిలబడిపోయేదాన్ని. ఆస్ట్రేలియా, యూరప్ మ్యూజియాల పాత సేకరణల్లో ఇలాంటి సంచులు, బుట్టలు, వలలు కుప్పలుగా ఉన్నాయి. వాటి పక్కన ఉండే పాత చీటీలు చదవండి. వస్తువు ఏమిటో ఉంటుంది, దేంతో చేశారో ఉంటుంది, ఏ ప్రాంతమో ఉంటుంది. దాన్ని ఎవరు సేకరించారో, ఏ సంవత్సరంలో సేకరించారో కూడా ఉంటుంది. ఎవరు అల్లారో మాత్రం చాలావాటికి ఉండదు.

నెలల తరబడి కూర్చుని అల్లిన మనిషికి పేరు లేదు. ఒక పూటలో పుచ్చుకుని పట్టుకెళ్ళిన మనిషికి పేరుంది. ఈ సంగతి నన్ను చాలా బాధపెట్టింది. ఆ చీటీలు మనకు ఏం చెప్పకుండా వదిలేశాయో, ఆ చేతులకు ఏమేం తెలుసో ఈరోజు చెప్పాలనుకుంటున్నాను.

ముందు దారం సంగతి చూద్దాం. ఎందుకంటే పనిలో ఎక్కువ భాగం అక్కడే అయిపోతుంది.

దేశానికి ఉత్తరాన ఉన్న డార్విన్ నగరానికి తూర్పున, సముద్రం అంచున ఆర్నెమ్ ల్యాండ్ ఉంది. దాదాపు 97,000 చదరపు కిలోమీటర్లు. రాతి గుట్టలు, చిత్తడి నేలలు, మడ అడవులు. యోల్ంగు, కున్‌వింజ్కు, బురార్రా, రెంబర్ంగా ఇలా ఎన్నో భాషలవాళ్ళు అక్కడ ఉన్నారు. అక్కడ సంచి దారానికి ముఖ్యమైన చెట్టు కర్రజాంగ్. యోల్ంగు వాళ్ళు బల్గుర్ అంటారు. మర్రి జాతి చెట్ల నార కూడా వాడతారు. చెట్టులో రసం పారే రోజుల్లో బెరడు సులువుగా ఊడొస్తుంది, ఎండిన రోజుల్లో చెట్టును పట్టుకుని వదలదు. కాబట్టి ఏ చెట్టు, ఎంత వయసుది, ఏ నెలలో అన్నది తెలిసి ఉండాలి. పైబెరడు తీసేసి, లోపలి నారను పట్టీలుగా ఒలుస్తారు. దాన్ని నానబెట్టి, నలిపి, ఆరబెట్టి, సన్నని పోగులుగా చీలుస్తారు.

అప్పుడు పేనడం మొదలు. కాళ్ళు చాపుకుని కూర్చుని, తొడ మీద రెండు నారపోగులు పక్కపక్కన పెట్టి, అరచేత్తో ముందుకు దొర్లిస్తారు. రెండు పోగులకూ విడివిడిగా పురి ఎక్కుతుంది. చేతిని వెనక్కి తీసేటప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని ఒకే దారమవుతాయి. పోగుల్లో పురి ఒకవైపు, దారంలో పురి దానికి ఎదురువైపు. రెండు పురులూ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి, అందుకే దారం విప్పుకోదు. పోగు సన్నబడుతోంది అనుకున్నచోట కొత్త నార ఆనించి మళ్ళీ దొర్లిస్తారు. ముడి వెయ్యరు. మొదటి నుంచి చివరిదాకా దారం ఒకే లావుగా ఉంటుంది. రాట్నం లేదు, తూకం లేదు, కొలత లేదు. ఎడారి ప్రాంతాల్లో మాత్రం మనిషి జుట్టును పుల్లలతో చేసిన కదురు మీద వడికేవాళ్ళు. ఉత్తరాన చెయ్యి, తొడ, అంతే.

ఇక సంచి. మగ్గం మీద పడుగు ముందు సాగదీసి, పేక దానికి అడ్డంగా నడుపుతాం. ఈ దారం సంచికి పడుగే లేదు. ఒకే దారం ఉచ్చులు ఉచ్చులుగా తిరుగుతుంది. పై వరసలో ఉన్న ఉచ్చులోంచి దారం కొస దూర్చి, కింద కొత్త ఉచ్చు వేస్తారు, పక్కకు వెళ్తారు. గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగుతారు. ఇక్కడ ఒక చిక్కుంది. ప్రతి ఉచ్చులోంచీ మిగిలిన దారం మొత్తం లాగాలి కదా, అందుకని ఉండలకొద్దీ దారం ముందే పేని పెట్టుకుంటే లాభం లేదు. చెయ్యి సాగేంత దారంతో అల్లడం, అది అయిపోగానే ఆ కొసకే కొత్త నార కలిపి పేనడం, మళ్ళీ అల్లడం. అంటే దారం, సంచి రెండూ కలిసే పెరుగుతాయి. దీనివల్ల ఒక పెద్ద సంచికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఆ ఉచ్చుల వల్లే సంచి సాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పిడికిట్లో పట్టేది, దుంపలతో నింపితే వీపంతా పరుచుకుంటుంది. దాని పట్టీని నుదుటికి ఆనించుకుని, సంచి వీపు మీదికి వేలాడేలా వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని ఆడవాళ్ళు నడిచేవాళ్ళు. చేతుల్లో తవ్వుకోల, నడుం మీద పిల్ల. దుంపలు, ఆల్చిప్పలు, పళ్ళు, తాబేళ్ళు అన్నీ సంచిలోకే. ఒక కుటుంబం ఆ రోజు తిన్న తిండిలో చాలా భాగం ఆ సంచిలోనే ఇంటికొచ్చేది. ఆస్ట్రేలియా చరిత్ర చెప్పే బొమ్మల్లో ఈటె పట్టుకున్న మగవాడు ఎప్పుడూ ముందుంటాడు. సంచి మోసిన ఆడమనిషి బొమ్మ అంచుల్లో ఉంటుంది. తిండి లెక్క వేస్తే ఆ బొమ్మలో ఎవరు ముందుండాలో నాకైతే అనుమానం లేదు.

సంచి మోతకే కాదు, వంటకు కూడా పనిముట్టు. సైకాడ్ అనే చెట్టు గింజలు విషం. అలాగే తింటే మనిషి చచ్చిపోవచ్చు. యోల్ంగు ఆడవాళ్ళు ఆ గింజల్ని పగలగొట్టి, సంచుల్లో నింపి, నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. విషం నీళ్ళలోకి పోతుంది, పిండి మిగులుతుంది. దాంతో రొట్టె కాలుస్తారు. నీళ్ళు బయటికి పోవాలి, పిండి పోకూడదు. కాబట్టి అల్లిక ఎంత వదులు, ఎంత బిగువు అన్నది అక్కడ ప్రాణంతో ముడిపడిన లెక్క. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన వానల అడవుల్లో కూడా ఇదే పనికి ఇంకో రకం బుట్ట ఉంది. జావున్ అంటారు. పేముతో అల్లుతారు, అడుగున రెండు కొమ్ముల్లాగా ముందుకు సాగి ఉంటుంది. పారే వాగులో పెడితే నీళ్ళు దాన్లోంచి నడుస్తూ గింజల్లోని విషాన్ని కడిగేస్తాయి. ఈ జావున్ అల్లే మనుషులు ఒక దశలో దాదాపు లేకుండా పోయారు. గిరామాయ్ తెగకు చెందిన ఏబ్ మురియాటా చిన్నప్పుడు తన నాయనమ్మ తరం చేతుల్లో చూసిన జ్ఞాపకంతో, మ్యూజియంలో ఉన్న పాత బుట్టల్ని తిప్పి తిప్పి చూసి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టారు. కార్డ్‌వెల్ అనే ఊళ్ళో ఆదివాసీలే నడుపుకునే గిరింగన్ ఆర్ట్ సెంటర్‌లో ఆ పని సాగుతోంది. పేరు లేని ఆ పాత బుట్టలే ఆయనకు గురువులయ్యాయి.

ఇదెంత పాత విద్య అని అడుగుతారు. నార మట్టిలో నిలవదు. ఉత్తరాది వేడికీ తేమకీ కొన్నేళ్ళలో కుళ్ళిపోతుంది. కానీ రాతి మీద బొమ్మ నిలిచింది. ఆర్నెమ్ ల్యాండ్ గుహల్లో పరుగెత్తే మనుషుల పాత బొమ్మల్లో సంచులు కనబడతాయి. పడమటి వైపు కింబర్లీ ప్రాంతంలో గ్వియన్ గ్వియన్ అని పిలిచే బొమ్మలున్నాయి. వాటి మీదా కిందా ఉన్న కందిరీగల మట్టిగూళ్ళకు కాలం కట్టి, వాటిలో చాలావరకు సుమారు 12,000 ఏళ్ళ నాటివని 2020లో శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ బొమ్మల్లో మనుషుల భుజాల నుంచీ చేతుల నుంచీ సంచులు వేలాడుతున్నాయి. రాతి పనిముట్ల గురించి గ్రంథాలు నిండిపోయాయి, దారం గురించి నాలుగు పేజీలు. రాయి దొరికింది, దారం దొరకలేదు, అంతే తేడా.

ఇప్పుడు పాండానస్ దగ్గరికి వద్దాం. ఇది మనకు తెలిసిన చెట్టే, మొగలి జాతి. ఉత్తర ఆస్ట్రేలియాలో పెరిగేది వేరే రకం. యోల్ంగు భాషలో గుంగా అంటారు. ఆకు అంచుల్లోనూ, ఈనె మీదా ముళ్ళు. మొవ్వులోని లేత ఆకులు కావాలి, అవేమో పైన ఉంటాయి. కొక్కెం ఉన్న కర్రతో మొవ్వును వంచి లాగుతారు. తర్వాత ఆకును బొటనవేలి గోటితో మధ్యకు చీల్చి, ముళ్ళ అంచు తీసేసి, పల్చని పొరలుగా ఒలుస్తారు. చూడ్డానికి క్షణంలో అయిపోతుంది. కొత్తవాళ్ళు చేస్తే ఆకు చిరుగుతుంది, వేళ్ళు తెగుతాయి. ఒలిచిన బద్దల్ని ఎండబెట్టి రంగులో ఉడకబెడతారు.

రంగులన్నీ తవ్వి తెచ్చుకోవాల్సిందే. ఒక పొద వేరు బెరడు గీరి ఉడికిస్తే పసుపు వస్తుంది. అదే గిన్నెలో బూడిద వేస్తే పసుపు కాస్తా ఎరుపుకు తిరుగుతుంది. ఇంకో మొక్క ఉంది, ఎర్రటి పూలు పూస్తుంది, దాని గడ్డ దంచితే గోధుమరంగు, ఊదా ఛాయలు. గడ్డ మీద మొక్క ఎండిపోయి కనబడని రోజుల్లో కూడా ఎక్కడ తవ్వాలో ఆడవాళ్ళకు గుర్తుంటుంది. ఉడకబెట్టి రంగెయ్యడం ఎక్కువగా క్రైస్తవ మిషన్ల కాలంలో, రేకు డబ్బాలు వచ్చాక పెరిగింది. అంతకుముందు అల్లిన సంచి మీద ఎర్రమన్ను, తెల్లమన్నుతో గీతలు గీసేవాళ్ళు.

పాండానస్‌తో చేసే పాత రకం సంచి కిందికి సన్నబడుతూ కోన్ ఆకారంలో ఉంటుంది. యోల్ంగు వాళ్ళు మిందిర్ అంటారు, కున్‌వింజ్కులో కున్‌మాజ్. దీనికి నిలువు పోగులున్నాయి. రెండు అడ్డపోగులు ఒక్కో నిలువు పోగును చెరోవైపు నుంచి పట్టుకుని, మెలిక పడి, పక్క పోగుకు వెళ్తాయి. బిగించి అల్లితే తేనె కారదు. అడవి తేనె తెచ్చుకోవడానికి అలాంటివే వాడేవాళ్ళు.

మగవాళ్ళకూ సంచులుంటాయి. చిన్నవి, మెడకు వేసుకునేవి, చిలుకల ఈకలు పేని చేసిన కుచ్చులతో. క్రతువుల్లో నాట్యం చేసేటప్పుడు వాటిని పళ్ళతో కరిచి పట్టుకుంటారు. యోల్ంగు వాళ్ళ ఆది కథల్లో జాంగ్కవు అక్కచెల్లెళ్ళున్నారు. సముద్రం దాటి వచ్చి, తవ్వుకోలతో నేలను పొడిచి ఊటలు పుట్టించి, జనాన్ని కని, చోటు చోటుకూ పేరు పెడుతూ నడిచారు. పవిత్ర వస్తువులన్నీ వాళ్ళ సంచుల్లోనే ఉండేవి. ఒకరోజు సంచులు వేలాడదీసి తిండి ఏరుకోవడానికి వెళ్ళినప్పుడు మగవాళ్ళు వాటిని ఎత్తుకుపోయారు, అప్పటి నుంచి ఆ క్రతువు మగవాళ్ళ చేతుల్లోకి పోయిందని కథ. కథలో లోపలి పొరలు ఆ జనానివి, నేను వాటి జోలికి వెళ్ళను. అందరికీ చెప్పుకునే ఈ పై కథలోనే ఒక విషయం కనబడుతోంది. అధికారమంతా ముందు ఆడవాళ్ళ సంచిలో ఉంది.

అందుకే అక్కడ ఏ డిజైన్ ఎవరు అల్లొచ్చు అన్నది ఇష్టాన్నిబట్టి ఉండదు. వంశాన్నిబట్టి ఉంటుంది, తల్లి తరఫు, తండ్రి తరఫు హక్కుల్నిబట్టి ఉంటుంది. మిలింగింబి, లంగార్రా దీవుల్లో ఉండే మార్గరెట్ రారు గారవుర్రా సంగతి చెప్తాను. ఆవిడ మొత్తం నల్లగా ఉండే మిందిర్‌లకు పేరు పొందారు. పాండానస్‌కు అంత గాఢమైన నలుపు పట్టడం చాలా కష్టం. ఆ రంగు కట్టే పద్ధతి ఆవిడది. చెల్లెలు హెలెన్ గనల్మిర్రివుయ్ కూడా అందులో నిపుణురాలు. ఆ చుట్టుపక్కల ఇంకెవరైనా ఆ నలుపు వాడాలంటే ఆవిణ్ణి అడగాలి. కాగితం లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అందరికీ తెలుసు, అందరూ పాటిస్తారు. మ్యూజియం చీటీ మీద పేరు లేకపోయినా, ఊళ్ళో ఏ పని ఎవరిదో ఎప్పుడూ తెలుసన్నమాట. పేరు పోయింది మన వైపే.

ఆవిడే 2022లో డార్విన్‌లో ఇచ్చే జాతీయ ఆదివాసీ కళా పురస్కారం గెలిచారు. గెలిచిన ఆ అల్లిక పేరు దొమాలా, అంటే పాండానస్‌తో అల్లిన తెరచాప. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. ఇప్పటి ఇండోనేషియాలోని సులవేసి నుంచి మకాసర్ నావికులు సముద్రపు దోసకాయలనే జీవుల్ని పట్టడానికి ఏటా గాలి తిరిగినప్పుడు ఆర్నెమ్ ల్యాండ్ తీరానికి వచ్చేవాళ్ళు. బ్రిటిష్‌వాళ్ళు రాకముందే ఈ రాకపోకలున్నాయి, 1907తో ఆగిపోయాయి. వాళ్ళ పడవల తెరచాపల్ని చూసి యోల్ంగు వాళ్ళు పాండానస్‌తో అల్లడం నేర్చారు. ఆ జ్ఞాపకాన్ని ఆవిడ మళ్ళీ అల్లి నిలబెట్టారు.

నేర్చుకోవడం, నేర్పడం ఒక వైపే సాగలేదు. ఇప్పుడు చెప్పేది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. షాపుల్లో ఆర్నెమ్ ల్యాండ్ బుట్టలు అని మీరు చూసే గుండ్రని రంగుల బుట్టలున్నాయే, గడ్డికట్టను చుట్టలు చుట్టలుగా తిప్పుతూ పాత చుట్టకు కొత్త చుట్టను కుట్టుకుంటూ పోయేవి, ఆ పద్ధతి ఉత్తరాదిది కాదు. అది దక్షిణాన మర్రే నది ప్రాంతాలవాళ్ళ విద్య. అక్కడి నారింజెరి ప్రజలు ఏటి ఒడ్డు తుంగతో అలా చాపలు, బుట్టలు, చేపల బుట్టలు అల్లేవాళ్ళు. 1920ల్లో ఒక మిషనరీ మహిళ దక్షిణాదిలో నేర్చుకున్న ఆ చుట్ట అల్లికను ఉత్తరాన గౌల్‌బర్న్ దీవిలో ఆడవాళ్ళకు చూపించింది. అక్కడ నుంచి ఆర్నెమ్ ల్యాండ్ అంతా పాకింది, పాండానస్‌లోకి, ఆ రంగుల్లోకి మారి వాళ్ళదైపోయింది.

ఈలోపు పుట్టిన చోట ఆ విద్య సన్నగిల్లింది. మిషన్లు, పిల్లల్ని తల్లుల నుంచి లాక్కుని సంస్థల్లో పెట్టడం, భాష మాట్లాడితే శిక్ష, నది మీద ఆనకట్టలు వచ్చి తుంగ తగ్గిపోవడం. 1982లో డోరతీ కార్టిన్‌యేరి అనే పెద్దావిడ ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి అల్లిక చూపించారు. అక్కడ నేర్చుకున్నవాళ్ళలో ఇవాన్ కూల్మాట్రి ఒకరు. ఒక్క రోజు. ఆ తర్వాత ఆవిడ పాత వస్తువుల్ని చూసి, చేపల బుట్టల ఆకారాల్ని మళ్ళీ పట్టుకుని, పదిహేనేళ్ళకు, 1997లో, వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆస్ట్రేలియా దేశం తరఫున తన అల్లికల్ని నిలబెట్టారు. అక్కడ ఆవిడతో పాటు ఎమిలీ కామె న్గ్వారే, జూడీ వాట్సన్. ముగ్గురూ అబోరిజినల్ స్త్రీలే. డోరతీ గారు ఆ ఒక్కరోజు ఓపిక చెయ్యకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

టాస్మానియాలోనూ ఇలాగే జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో అల్లిన కొద్ది బుట్టలు మ్యూజియాల్లో మిగిలాయి. 2006 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్ళు వాటిని దగ్గరగా చూసి, అదే మొక్క ఆకుల్ని కోసి, అదే మెలిక మళ్ళీ వేళ్ళకు నేర్పుకున్నారు. క్వీన్స్‌లాండ్‌లో మింజెర్రిబా దీవికి చెందిన సోన్యా కార్మైకేల్, ఆవిడ కూతురు ఎలీసా జేన్ కూడా తమ క్వాండమూకా జనం సంచుల విషయంలో ఇదే దారి పట్టారు.

ఎడారిలో కథ ఇంకోలా సాగింది. అక్కడ అసలు బుట్టలు అల్లే అలవాటు లేదు. కొయ్య పాత్రలు ఉండేవి. పీచుపని అంటే జుట్టుతో పేనిన తాళ్ళు, మంగూరి. మన ఆడవాళ్ళు బిందె కింద తల మీద పెట్టుకునే చుట్టకుదురు లాంటిదే ఈ మంగూరి. నీళ్ళున్న కొయ్యపాత్రను దాని మీద పెట్టుకుని నడిచేవాళ్ళు. 1995లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పాపులన్‌కుచా అనే ఊళ్ళో ఎడారి ఆడవాళ్ళ సంఘమైన ఎన్‌పీవై విమెన్స్ కౌన్సిల్ బుట్టల అల్లిక శిబిరం పెట్టింది. దాన్నుంచి చాన్పీ డెజర్ట్ వీవర్స్ అనే అల్లేవాళ్ళ సంస్థ పుట్టింది. చాన్పీ అంటే ఎండుగడ్డి. ఇప్పుడు 350,000 చదరపు కిలోమీటర్ల ఎడారిలో, ఇరవై ఆరు ఊళ్ళల్లో, నాలుగు వందల మందికి పైగా ఆడవాళ్ళు గడ్డితో అల్లుతున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా ఆ నేలకన్నా చిన్నవే. బుట్టలతో మొదలుపెట్టి కుక్కలు, పక్షులు, మనుషులు అల్లారు. 2005లో పాపులన్‌కుచా ఆడవాళ్ళంతా కలిసి గడ్డితో నిలువెత్తు టొయోటా బండి అల్లితే, దానికి జాతీయ ఆదివాసీ కళా పురస్కారంలో మొదటి బహుమతి వచ్చింది. ఎడారిలో టొయోటా అంటే వేటకు, ఆసుపత్రికి, చావుకు, పెళ్ళికి వెళ్ళే బండి. గడ్డి కోసుకురావడానికి వెళ్ళే బండి కూడా అదే. వాళ్ళకు ముఖ్యమైన వస్తువును వాళ్ళు అల్లారు.

ఈ బహుమతుల గురించి ఎందుకు చెప్తున్నానంటే, వీటితోనే పేర్లు బయటికొచ్చాయి. చెట్టుబెరడు మీద మగవాళ్ళు వేసిన బొమ్మలు చాలా కాలంగా కళ అనిపించుకున్నాయి, గ్యాలరీ గోడకెక్కాయి, వేసినవాళ్ళకు పేర్లొచ్చాయి. ఆడవాళ్ళ అల్లిక క్రాఫ్ట్ అనిపించుకుని గిఫ్ట్ షాపులో ఉండిపోయింది. ఈ విభజన నాకు మింగుడుపడదు. మన దగ్గరా అంతే. చీర నేసిన మనిషి పేరు చీర మీద ఉండదు. అమ్మిన షాపు పేరుంటుంది.

ఆ గోడను బద్దలు కొట్టినవాళ్ళలో లీనా యారిన్‌కురా ఒకరు. ఆర్నెమ్ ల్యాండ్‌లోని మానింగ్రిడా ప్రాంతం మనిషి. సంచి అల్లే చేత్తోనే పాండానస్‌తో ఊరకుక్కలు, నీటిదేవతలు అల్లి నిలబెట్టారు. 1994లో ఆ జాతీయ పురస్కారాల్లోనే శిల్పానికి ఇచ్చే బహుమతి అల్లికకు వచ్చింది. పెపిమెనార్టి ఊరి రెజీనా పిలావుక్ విల్సన్ ఇంకో దారి తొక్కారు. తాను చిన్నప్పటి నుంచీ అల్లిన చేపల వల కుట్లను ఒక్కొక్కటే కాన్వాస్ మీద గీశారు. దూరం నుంచి చూస్తే నీటి మీద అలలు, దగ్గరికెళ్తే వల కన్నులు. 2003లో అవే పురస్కారాల్లో చిత్రకళ బహుమతి అందుకున్నారు. ఇక్కడ మన మెల్‌బోర్న్‌లోనే, 2023 చివర్లో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియా ట్రైనియల్‌లో, అంటే మూడేళ్ళకోసారి పెట్టే ప్రదర్శనలో, మానింగ్రిడా బురార్రా ఆడవాళ్ళు అల్లిన చేపల కంచె పెట్టారు. మున్‌దిర్రా దాని పేరు. 100 మీటర్ల పొడవు. మీలో కొందరు దాని మధ్య నడిచే ఉంటారు. గోడ మీద అల్లినవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి. నేను ఒక్కో పేరూ పూర్తిగా చదివాను.

పాత సేకరణలన్నీ గుడ్డివని చెప్పడం న్యాయం కాదు. 1930ల్లో, మళ్ళీ 1940ల్లో డొనాల్డ్ థామ్సన్ అనే మానవశాస్త్రవేత్త ఆర్నెమ్ ల్యాండ్‌లో తిరిగి తెచ్చినవి మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన వస్తువుతో పాటు స్థానిక భాషలో దాని పేరు, వాడే పద్ధతి, తయారీ ఫొటోలతో సహా రాసి ఉంచాడు. ఆ ఫొటోల్లో తమ నాయనమ్మల్ని, తాతల్ని గుర్తుపట్టడానికి యోల్ంగు వాళ్ళు ఇప్పటికీ వస్తారు. 1948 నాటి ఆర్నెమ్ ల్యాండ్ యాత్రలో ఫ్రెడ్ మెకార్తీ అనే ఇంకో మానవశాస్త్రవేత్త ముచ్చటైన పని చేశాడు. దారం ముక్క వేళ్ళ మధ్య తిప్పి బొమ్మలు చేసే ఆట ఉంటుంది కదా, యిర్కలాలో అలాంటి బొమ్మలు 193 సేకరించి అట్టల మీద అంటించాడు. వాటిలో ఎక్కువ చేసి చూపించింది న్గర్రావు మునుంగుర్ అనే యువతి. పేరు రాసిపెట్టాడు కాబట్టే ఈరోజు నేను చెప్పగలుగుతున్నాను.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ సంస్థ అయిన ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. అబోరిజినల్ శైలి పేరుతో అమ్ముడుపోయే సావనీర్లలో నాలుగింట మూడు వంతుల దాకా అబోరిజినల్ మనుషుల చెయ్యి పడనివే అని అందులో ఉంది. 2019లో ఇండోనేషియాలో చేయించిన వస్తువుల్ని ఇక్కడి ఆదివాసీ కళ అన్నట్టుగా అమ్మిన కంపెనీకి ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయినా టూరిస్టు షాపుల్లో ఆ సరుకు తగ్గలేదు. మన ఇళ్ళకు వచ్చే చుట్టాలకు మనం కొనిచ్చేవి కూడా ఎక్కువ అవే. ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకునేవీ అవే. ఇది కోపంగా చెప్పడం లేదు, తెలియక కొంటాం. కానీ ఇప్పుడు తెలిసింది కాబట్టి, కొనేముందు ఒక ప్రశ్న అడగండి. ఎవరు చేశారు? ఊరు, పేరు చెప్పగలిగితే సరుకు మంచిదే అయ్యే అవకాశం ఎక్కువ. షాపువాడు నీళ్ళు నమిలితే బయటికొచ్చెయ్యండి. ఆర్ట్ సెంటర్ నుంచి వచ్చిన బుట్టకు అల్లిన మనిషి పేరు, ఊరు, వాడిన ఆకు రాసిన కాగితం ఉంటుంది.

(ఇక్కడ ప్రశ్నలు మొదలయ్యాయి.)

ఒక అమ్మ అడిగారు, ఇంత చిన్న బుట్టకు వందల డాలర్లు ఎక్కువ కాదా అని. అమ్మా, ఆకు కోసం వెళ్ళిరావడానికి ఒక రోజు, వేరు తవ్వడానికి ఇంకో రోజు, ఒలవడం, ఎండబెట్టడం, రంగు, అప్పుడు అల్లిక. డీజిల్ ఖర్చు కూడా ఉంది. గంటల లెక్కన ఆ ధరను భాగించండి, మన పిల్లలు సూపర్‌మార్కెట్‌లో తీసుకునే గంట కూలి కూడా రాదు. నాకైతే తక్కువనే అనిపిస్తుంది.

ఇంకొకరు అడిగారు, మనం నేర్చుకోవచ్చా, పిల్లలకు నేర్పొచ్చా అని. నేర్పేవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోండి, హాయిగా. మ్యూజియాల్లో, ఆర్ట్ సెంటర్లలో అల్లేవాళ్ళే నడిపే వర్క్‌షాపులు ఉంటాయి, ఫీజు వాళ్ళకు వెళ్తుంది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి, వాళ్ళ వేళ్ళు మనకన్నా తొందరగా పట్టుకుంటాయి. అక్కడ అల్లింది ఇంట్లో పెట్టుకోండి. అమ్మకానికి పెట్టొద్దు. నలుపు రంగు సంగతి ఇందాక చెప్పాను కదా, ఆ అల్లికలకు హక్కుదారులున్నారు. ఆకు కోసం ఎవరి నేల మీదికైనా వెళ్ళాలంటే వాళ్ళను అడగాలి. ఆర్నెమ్ ల్యాండ్‌లో అడుగు పెట్టడానికే ముందు పర్మిట్ తీసుకోవాలి.

చివరి ప్రశ్న, ఎక్కడికెళ్తే ఇవన్నీ ఒక్కచోట చూడొచ్చు అని. ఆగస్టులో డార్విన్ వెళ్ళండి. జాతీయ పురస్కారాల ప్రదర్శన అక్కడి మ్యూజియంలో ఉంటుంది. ఆ రోజుల్లోనే డార్విన్ అబోరిజినల్ ఆర్ట్ ఫెయిర్ కూడా జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి ఆర్ట్ సెంటర్లు బల్లలు వేసుకుని కూర్చుంటాయి, అమ్మిన డబ్బంతా వాటికే వెళ్తుంది. చాలాసార్లు అల్లినవాళ్ళే బల్ల వెనక ఉంటారు. అప్పుడు అక్కడ వానలుండవు, తిరగడానికి మంచి రోజులు. గదులు మాత్రం ముందుగా బుక్ చేసుకోండి, ఆ వారం డార్విన్ నిండిపోతుంది.